అమ్మకు కొంచెం జ్వరంగా ఉంది

బాంగీ,
12 జనవరి 1992

తమ్ముడు బార్నబేకు,

నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం కాఫీ లారీ ఇద్రిస్ చేతికి ఇస్తున్నాను. స్వయంగా నీ చేతిలోనే పెడతానని ఒట్టేశాడు గానీ వాడి ఒట్ల సంగతి మనకు కొత్తా! అందుకే సబ్బులూ ఉప్పూ విడిగా మూట కట్టి మిషన్ వాళ్ళ బండిలో వేయించాను.

నాకు ఉద్యోగం దొరికింది. ఇక్కడ రాజధానిలోనే ఒక చిన్న అచ్చాఫీసులో టైపు పని. యజమాని పేరు మొస్యే అరిస్తీద్. మనవాడే, కానీ పారిస్‌లో నాలుగేళ్ళు ఉండి వచ్చి ఎండ పడటం లేదంటాడు. ఆయన ఒక పుస్తకం వేస్తున్నాడు. మన దేశానికి వచ్చే ప్రయాణికులు ముందుగా తెలుసుకోవలసిన సంగతులన్నీ అందులో ఉంటాయి. బకాంబో జిల్లాకు కూడా ఒక పేజీ ఉంది. ఆ పేజీ నింపేది నువ్వే, మాస్టారూ. జీతాలు రాక బడి మూసేసి కూర్చున్నారుగా, చేతికి కాస్త పని చెబుతున్నాను. లోంబా నది మీద పంటు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగుతుంది, బాంగీ నుంచి ఎన్ని రోజుల దారి, వానల్లో దారి ఉంటుందా, బస ఎక్కడ, మంచినీళ్ళెక్కడ, ఏ టీకాలు వేయించుకోవాలి, ఏం ఫోటో తీస్తే పోలీసులు పట్టుకుంటారు, ఇవన్నీ కావాలి.

ఒకటే షరతు. సూటిగా రాయి. మనవాళ్ళ ధోరణి నీకు తెలుసు కదా. మేక చచ్చిందని చెప్పడానికి ముందు వానల సంగతి, తర్వాత ఆ మేక తల్లి సంగతి, ఆఖరికి 'మేక కాస్త నలతగా ఉంది'. ఊరికొచ్చిన పరాయివాడికి ఇది అర్థం కాదు. 'వంతెన కొంచెం అలిసిపోయింది' అని మనం రాస్తే, వాడు పాపం నిజంగా అలసటే అనుకుని కారెక్కించేస్తాడు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? రెండేళ్ళయింది చూసి. గొంగళి పురుగుల కాలానికి తప్పకుండా వస్తానని చెప్పు. నాలుగు బుట్టల పురుగులు ఎండబెట్టి ఉంచమను, ఇక్కడ అమ్మేవి నోట్లో పెట్టలేం.

నీ అక్క,
సొలాంజ్

*

బకాంబో,
20 ఫిబ్రవరి 1992

అక్కా,

ఉత్తరం అందింది. ఉప్పు అందింది. సబ్బులు ఆరు పంపావని ఇద్రిస్ చెప్పాడు, నాలుగు అందాయి. మిషన్ బండిలో పంపితే ఇది, ఇంక ఇద్రిస్‌ను అనడం దేనికి!

ఉద్యోగం సంగతి విని అమ్మ వాకిట్లో కర్రపెండలం దంచుతున్న రోకలి పట్టుకునే రెండు అడుగులు ఆడింది. మోకాలు బాగానే ఉందన్న మాట.

నువ్వడిగిన సంగతులు సూటిగా రాస్తున్నాను.

పంటు ఉంది. దానిలో డీజిల్ లేదు. ఎవరికి నది దాటాలని ఉంటే వాళ్ళే డీజిల్ తెచ్చుకోవాలి. బ్యాటరీ కూడా లేదు, వచ్చిన లారీది ఊడదీసి పెట్టుకోవాలి. స్టార్టర్ మోటారు మటుకు ఉంది, అయితే దొంగల భయానికి పంటు నడిపే జంగబా దాన్ని ఊడదీసి రోజూ ఇంటికి పట్టుకుపోతాడు. ఆ ఇల్లు అడవిలో గంట నడక. కనక పంటు వేళలు ఏవి అని అడిగితే, జంగబా ఇంట్లో ఉండే వేళలు అని రాసుకో.

వానల్లో దారి ఉండదు. వాన పడితే మట్టిరోడ్డు మీద గేటు వేసేస్తారు, మట్టి ఆరేదాకా తీయరు. గేటు దగ్గర రెండు రోజులు ఆగొచ్చు, పది రోజులు ఆగొచ్చు. బస ఒకటి ఉంది, దాని పైకప్పు కిందటేడు గాలికి లేచిపోయింది. మంచినీళ్ళు చేద బావివే, కాచుకుని తాగాలి. కాంపౌండరు సాతుర్నిన్ ఆసుపత్రిలోనే ఉంటాడు, మందులు లేవు. పచ్చ జ్వరం టీకా కార్డు లేకపోతే పోలీసులు ఆపుతారు. ఉంటే కూడా ఆపుతారు. ఫోటోలు తీస్తే ఆపుతారు, తీయకపోతే కెమెరా ఎందుకు తెచ్చావని ఆపుతారు.

పక్కనే కూర్చుని అమ్మ ఒక సంగతి చెబుతోంది, అది కూడా వేయించాలట. "దారి ఎటు అని అడిగేముందు మనిషిని పలకరించమను. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగమను. అది కూడా రాకపోతే వాడెందుకు ఊళ్ళు తిరగడం?" అంటోంది. అది చెప్పింది బకాంబోలో ఫలానా యాస్సి అని తన పేరు కూడా వేయాలట.

ఎనిమిది నెలలుగా బడి లేదు. పిల్లలు లెక్కలు మరిచిపోయారు. నిన్న మొదటి వరసలో కూర్చునే పిల్ల నన్ను బజార్లో చూసి 'ఏం మాస్టారూ, బతికే ఉన్నారా' అంది. నవ్వాను గానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నీ తమ్ముడు,
బార్నబే

*

బాంగీ,
22 మార్చి 1992

బార్నబేకు,

నువ్వు రాసింది మా యజమానికి చదివి వినిపించాను. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "ఇది అచ్చేస్తే దేశంలోకి ఎవడొస్తాడమ్మాయ్? మీ తమ్ముడు ప్రయాణికులకు రాస్తున్నాడా, ప్రభుత్వం మీద ఫిర్యాదు రాస్తున్నాడా?" అన్నాడు. ఆయన చెప్పినట్టు నేను టైపు చేసిన పేజీ ఇది: పంటు ప్రతిరోజూ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. పరిశుభ్రమైన బస కలదు. వైద్య సదుపాయం కలదు. ఇవి కాక తనంతట తాను ఒక వాక్యం చేర్చాడు. 'దారిలో ఎవరు ఎంత ప్రాధేయపడినా డీజిల్ ఇవ్వవద్దు, మోసపోగలరు.'

"ఆరు నుంచి ఆరు అని ఎక్కడుంది మొస్యే?" అని అడిగాను. "రేవు దగ్గర బోర్డు మీద ఉంటుంది కదా, బోర్డు అబద్ధమా?" అన్నాడు. బోర్డు ఉన్న మాట నిజమే. నోరు మూసుకుని టైపు చేశాను. ఉద్యోగం కొత్త, గదికి అద్దె కట్టాలి. సిగ్గుగానే ఉంది.

అమ్మ మాట మాత్రం ఆయనకు నచ్చింది, వేస్తానన్నాడు. పేరు మాత్రం వేయడట.

నీకు ఒక మాట చెప్పాలి. నువ్వు సూటిగా రాశానన్నావు గానీ ఎక్కడా ఒక అంకె లేదు. ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని డిగ్రీల ఎండ? 'రెండు రోజులు ఆగొచ్చు, పది రోజులు ఆగొచ్చు' అంటే అది సంగతా? చదివేవాడికి అనుమానం మిగలకూడదు. నువ్వు లెక్కల మాస్టారివి, నా చేత చెప్పించుకోవాలా!

ఇట్లు,
సొలాంజ్

*

బకాంబో,
2 మే 1992

సొలాంజ్ అక్కకు,

నీ మాట కొంచెం గుచ్చుకున్న మాట నిజమే. ఉత్తరం పక్కన పడేసి వారం రోజులు జవాబు రాయలేదు. అమ్మ 'అక్కకు రాయవేం' అని అడిగినప్పుడల్లా కాగితం లేదన్నాను.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. అమ్మకు కొంచెం జ్వరంగా ఉంది. ఈస్టర్ మర్నాటి నుంచి, అంటే పన్నెండు రోజులుగా వస్తోంది. సాతుర్నిన్ కొలిచాడు, 38.6. దగ్గుతోంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అంటోంది. కర్రపెండలం ముద్ద సగమే తింటోంది. సాతుర్నిన్ 'ఊపిరితిత్తిలో నెమ్ము చేరినట్టుంది, పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇరవై పడితే తగ్గుతుంది, ఇక్కడ ఒకటి కూడా లేదు' అన్నాడు. ఆ మందుల పేర్లు వెనక పేజీలో వాడి చేతే రాయించాను.

నిన్ను అడుగుతోంది. మందులు తీసుకుని నువ్వే రా. వానలు ముదరకముందే బయలుదేరు. అమ్మ "దాన్ని కంగారుపెట్టకురా, గొంగళి పురుగుల కాలానికి ఎలాగూ వస్తానంది కదా" అంటోంది. నేను మాత్రం ఇప్పుడే రమ్మంటున్నాను.

బార్నబే

*

బాంగీ,
30 మే 1992

నా తమ్ముడు బార్నబే,

సోమవారం నీ ఉత్తరం ఇద్రిస్ తెచ్చి ఇచ్చాడు. 'అమ్మకు కొంచెం జ్వరంగా ఉంది' అన్న చోట ఆగిపోయాను. ఇంకేం చదవాలి? ఎన్ని ఉత్తరాలు చూడలేదు మనం! నాన్న పోయినప్పుడు యాపెలె అత్తయ్యకు రాసింది నేనే కదా. 'నాన్నకు తలనొప్పిగా ఉంది, ఒకసారి రండి' అని. అత్తయ్య ఆ కాగితం మడిచి పెట్టి, తన తోడబుట్టినవాడి కోసం అక్కడికక్కడే నేల మీద పడి ఏడ్చిందట. చావు కబురు కాగితం మీద పెట్టేంత నీతిలేనివాళ్ళు మన ఇంట ఎప్పుడూ లేరు.

ఉత్తరం పట్టుకుని ఇక్కడి అత్తయ్య ఇంటికే వెళ్ళాను, ఆమె మిగతాది చదవమంటే చదివాను. ఎంత నేర్చుకున్నావురా! నేను తట్టుకోవాలని జ్వరం డిగ్రీలు కూడా రాశావు. మందుల పేర్లు సాతుర్నిన్ చేత రాయించావు. అది చదువుతుంటే నీ మీద ఎంత ప్రేమ కలిగిందో. ఒక్కడివే ఆ గొయ్యి తవ్వించి, ఒక్కడివే మట్టి వేసి, తర్వాత కూర్చుని నా కోసం ఈ అబద్ధాలన్నీ అల్లావు.

అత్తయ్య వాకిట్లో మూడు రోజులు చాపలు పరిచాం. మన పేటలో వాళ్ళందరూ వచ్చారు. మా గుడి ఆడవాళ్ళు పాటలు పాడారు. నేను తల గీయించుకున్నాను. మొస్యే అరిస్తీద్ కూడా వచ్చి పావుగంట కూర్చుని వెళ్ళాడు. నాకు గొంతు పోయింది, ఈ ఉత్తరం రాసేటప్పటికి కూడా మాట రావడం లేదు. అమ్మను ఆఖరిసారి చూసినప్పుడు లారీ కదిలిపోతోందని సరిగ్గా చేయి కూడా ఊపలేదు. ఆ సంగతే పదేపదే చెప్పి ఏడ్చాను.

నువ్వు రమ్మన్నావు. ఉత్తరం రావడానికే ఇరవై మూడు రోజులు పట్టింది, ఇప్పుడొచ్చి ఏం చూస్తాను? వానలు మొదలయ్యాయి. జూలైలో పుస్తకం అచ్చు ఉంది. ఎండలు వచ్చాక, మైల తీసే నాటికి వచ్చి పదిహేను రోజులుంటాను. సమాధి మీద సిమెంటు వేయిద్దాం. వచ్చిన చుట్టాలకు పెట్టడానికి కాఫీ, పంచదార, నీకు నల్ల గుడ్డ ఇద్రిస్ చేత పంపుతున్నాను.

తినడం మానకు. నాకు నువ్వొక్కడివే ఉన్నావు.

సొలాంజ్

*

బకాంబో,
24 జూన్ 1992

అక్కా,

అమ్మ బతికే ఉంది.

మళ్ళీ చదువు. అమ్మ బతికే ఉంది. ఇప్పుడు నేను రాస్తుంటే పక్క చాప మీద పడుకుని ఏం రాశావో చదవమంటోంది. ఆమెకు జ్వరం వచ్చింది, అందుకని జ్వరం వచ్చిందని రాశాను. 38.6 ఉంది, అందుకని 38.6 అని రాశాను. ఆ మాట రాసేటప్పుడు కలం ఆగిన మాట నిజం. అక్క దీన్ని ఇంకోలా తీసుకుంటుందేమో అనిపించింది. మళ్ళీ అనుకున్నాను, రెండు ఉత్తరాల్లోనూ సూటిగా రాయి, అంకెలు వేయి అని నా చెవి మెలిపెట్టింది అక్కే కదా, బాంగీ మనిషి అయిపోయింది, ఉన్నది ఉన్నట్టే చదువుతుంది అని. నీ పాఠం నేను నేర్చుకున్నాను, నువ్వు మాత్రం నేర్చుకోలేదు.

నాకు నీ మీద పట్టరానంత కోపంగా ఉంది. మందుల కోసం చూస్తుంటే కాఫీ వచ్చింది.

నీ ఉత్తరం అమ్మకు చూపించకూడదనే అనుకున్నాను. నల్ల గుడ్డ చూసేసింది. చదవక తప్పలేదు. ముందు పడీపడీ నవ్వింది, దగ్గు వచ్చి ఆగింది. "ఎవరెవరు వచ్చారో సరిగా చదువు. యాపెలె ఏడ్చిందా? దాని కంట నీరు రాదు, చూసుకో, నోటితోనే ఏడుస్తుంది. మా పెళ్ళిలో కూడా అంతే" అంది. ఏం పాటలు పాడారో రాయలేదేమని అడిగింది. ఆ కాఫీ పెట్టించి, పక్కింటివాళ్ళను పిలిచి, "రండి, నా చావు కాఫీ, చల్లారిపోకముందే తాగండి" అని అందరికీ పోసింది. వాళ్ళు కూడా నవ్వారు. బకాంబోలో చాలా రోజులకు అంత నవ్వు విన్నాను.

అందరూ వెళ్ళిపోయాక ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అయితే అది రాదన్న మాట. ఏడ్చేసి లేచాక ఇంక ఎందుకొస్తుంది" అంది. నేను మళ్ళీ రాస్తానమ్మా, ఈసారి వస్తుంది అన్నాను. గుడ్డ మడిచి చాప కింద పెట్టుకుంది.

ఇప్పుడు పావు ముద్ద తింటోంది. లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. ఎముకలు కనిపిస్తున్నాయి. నీకు చెప్పమని అమ్మ అంటున్న మాటలు రాస్తున్నాను: "సొలాంజ్, నేనున్నాను. గీయించుకున్న తల మళ్ళీ పెరుగుతుందిలే. వచ్చి నన్ను తిట్టు, ఇంత పని చేయించావు కదే ముసలీ అని."

ఇరవై పెన్సిలిన్. మందుల పేర్లు మళ్ళీ రాశాను. దయచేసి దీన్ని ఉన్నది ఉన్నట్టు చదువు.

బార్నబే

*

బాంగీ,
19 జూలై 1992

బార్నబే,

నిన్న మధ్యాహ్నం చేతికందింది. ఆఫీసులోనే చదివాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక మొస్యే అరిస్తీద్ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆమె నమ్మడం లేదు. "వాడికి దుఃఖంతో మతి పోయిందే. ఒక్కడే ఉన్నాడు కదా, చచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నాడు. మేం ఏడ్చి, మైల స్నానాలు చేసి లేచాం. లేచాక మళ్ళీ బతికుందంటే ఇంటికి అరిష్టం, ఆ మాట పేటలో ఎవరితోనూ అనకు" అంటోంది. నేను నమ్మాను. అత్తయ్య నోటితోనే ఏడుస్తుందన్న మాట నీకు పుట్టదు, అది అమ్మదే. ఆ వాక్యం అత్తయ్యకు చదవలేదు.

నేను చేసిన పనికి నాకు మొహం చెల్లడం లేదు. కాఫీ పంపాను. నా చేత్తో సంచీ కట్టాను. ఆ లారీలోనే ఇంజెక్షన్లు పెట్టి ఉంటే ఈపాటికి అమ్మ లేచి తిరిగేది. ఇది తలుచుకోవడం మొదలుపెడితే ఆగడం లేదు.

మందులు కొన్నాను. ఇరవై కాదు, ముప్ఫై. పుస్తకం అచ్చు కిందటి వారం అయిపోయింది, సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా వెళ్తున్నానని చెప్పేశాను. 27న ఇద్రిస్ లారీ. ఈ ఉత్తరం మిషన్ వాళ్ళ విమానంలో పంపుతున్నాను, నాకంటే ముందు వస్తుంది; అందులో ఉత్తరాలు తప్ప మనుషుల్నీ సామాన్నీ ఎక్కించుకోరట.

అమ్మకు చెప్పు, వస్తున్నాను. తిట్టడానికే వస్తున్నాను. కాసుకుని కూర్చోమను.

సొలాంజ్

*

లోంబా రేవు,
6 ఆగస్టు 1992

బార్నబే,

ఇక్కడికి వచ్చి మూడు రోజులయింది. దారిలో రెండు గేట్ల దగ్గర వానకు ఆపేశారు. ఇక్కడ పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. డీజిల్ లేదు. మా లారీలో ఉన్నది బకాంబో దాకా చాలీచాలకుండా ఉంది, పంటుకు కావలసిన దాంట్లో ఇద్రిస్ సగం ఇస్తానన్నాడు, మిగతా సగం ఎవరైనా ఇవ్వాలి.

నిన్న ఒక తెల్ల జంట జీపులో వచ్చారు. వెనకాల రెండు పెద్ద డబ్బాల నిండా డీజిల్ ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్ళి, అమ్మ చెప్పినట్టు ముందు పలకరించి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి, తర్వాత మా అమ్మ సంగతి చెప్పాను. మందుల పెట్టె విప్పి చూపించాను. ఆమె జాలిగా చూసింది. అతను సీట్లోంచి మా పుస్తకం తీశాడు. వేలితో ఆ వాక్యం చూపించాడు. 'ఎవరు ఎంత ప్రాధేయపడినా.' తర్వాత పై వాక్యం చూపించి, "ఆరు నుంచి ఆరు అని ఉంది, ఇప్పుడు పదే కదా, పంటు ఎందుకు నడవడం లేదు?" అని నన్నే అడిగాడు. అది టైపు చేసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు. గంటసేపు చూసి జీపు తిప్పుకుని వెళ్ళిపోయారు. నేను దుమ్ములో నిలబడి చూశాను.

నడిచి రావాలంటే నది అవతల నుంచి నూట నలభై కిలోమీటర్లు. దోనెలో దాటి బయలుదేరాను కూడా. ఆరు కిలోమీటర్లు పోయేసరికి నాకే చలిజ్వరం వచ్చి రోడ్డు పక్కన పడిపోయాను, కాఫీ గింజలు మోసే సైకిలతను వెనక్కి తెచ్చి ఇక్కడ దింపాడు. అతని పేరు మొయీజ్. అతని చేతే మందులు, ఈ ఉత్తరం పంపుతున్నాను. నాలుగు రోజుల్లో అందిస్తానన్నాడు. చాలా మంచివాడు. భోజనం పెట్టి పంపు.

మొదటి ఇంజెక్షన్ వెంటనే వేయించు. నా కోసం ఆగకండి. పంటు కదలగానే నేను వెనకే ఉంటాను. కొంచెం ఓపిక పట్టమను. నేనొచ్చేదాకా ఎలాగో ఒకలాగు ఓపిక పట్టమను.

అక్క

*

బకాంబో,
11 ఆగస్టు 1992

అక్కా,

మొయీజ్ నిన్న సాయంత్రం వచ్చాడు. మందులు ముప్ఫై అందాయి. ఒక్కటి కూడా పగలలేదు.

ఈ ఉత్తరం రెండోసారి రాస్తున్నాను. మొదట మనవాళ్ళు రాసినట్టే 'అమ్మకు కొంచెం జ్వరంగా ఉంది' అని రాశాను. మర్యాద అదే. రాసి చూసుకుంటే భయం వేసింది. ఈసారి నువ్వు నిజంగా జ్వరమే అనుకుంటావు. ఆ ఒంటితోనే మళ్ళీ నడక మొదలుపెడతావు. చించేశాను. అందుకని మన ఇంట ఎవరూ చేయని పని చేస్తున్నాను, నన్ను క్షమించు.

అమ్మ 3వ తేదీ సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు చనిపోయింది. మర్నాడు నాన్న పక్కనే పూడ్చాం.

విమానంలో వచ్చిన నీ ఉత్తరం జూలై 24న అందింది. చదివి వినిపించాను. ఆ రోజు నుంచి చాప వాకిట్లోకి వేయించుకుంది. రోడ్డు కనిపించే వైపు తల పెట్టుకుంది. ఏ బండి చప్పుడైనా "చూడరా" అనేది. ఆఖరి రెండు రోజులు బండ్లు రాలేదు, అయినా చూడమనేది. చూసి, వస్తోందమ్మా అనేవాణ్ణి. పోయేముందు నీ పేరు అనలేదు. "మంచినీళ్ళు" అంది. తెచ్చేసరికి లేదు. నువ్వు అంకెలు కావాలన్నావు, సంగతులు కావాలన్నావు. ఇవీ సంగతులు.

నీ మీద కోపం లేదు. ఉండేది, ఇప్పుడు లేదు. ఆ మందులు సాతుర్నిన్‌కు ఇచ్చేశాను, ఇవాళ ఒక బాలింతకు మొదటిది వేశాడు.

ఇక్కడికి రాకు. ఆదివారం వానకు ఇవతలి దుంగల వంతెన కొట్టుకుపోయింది, లారీ నది దాటినా అక్కడ ఆగిపోతుంది. నీకు జ్వరం. ఇద్రిస్‌తో వెనక్కి వెళ్ళిపో. దారి బాగయ్యాక వద్దువు గాని.

బార్నబే

*

బాంగీ,
13 సెప్టెంబరు 1992

బార్నబేకు,

నువ్వు చెప్పినట్టే వెనక్కి వచ్చేశాను. జ్వరం తగ్గింది. నువ్వు ఎలా ఉన్నావు? వంట ఎవరు చేస్తున్నారు?

నీ ఉత్తరం రేవు దగ్గర మొయీజే తెచ్చి ఇచ్చాడు. అతనికి చదువు రాదు, కానీ నా మొహం చూసి టోపీ తీశాడు. రేవు దగ్గర అందరూ చుట్టూ చేరి ఏమైందన్నారు. మా అమ్మ పోయింది అన్నాను. అలా అనడం రెండోసారి కదా, అచ్చం మొదటిసారి లాగే అన్నాను.

బాంగీ వచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "తెలుసు కదే తల్లీ, మేలోనే కదా పోయింది" అంది. కాదు అత్తయ్యా, ఆగస్టు 3న అన్నాను. "సరేలే, రా, కూర ఉంది, తిను" అంది. చాపలు పరవలేదు. పక్కింటివాళ్ళు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, వచ్చి వెళ్ళారు కదా. మా గుడి ఆడవాళ్ళను అడిగాను, ఒక్క పాటైనా పాడతారా అని. పెద్దామె "ఒక మనిషికి రెండుసార్లు పాడరమ్మా" అంది. మొస్యే అరిస్తీద్ నేను మళ్ళీ సెలవు కోసం అబద్ధం చెబుతున్నానని అనుకున్నాడు. నా తల మీద వేలెడంత జుట్టు పెరిగింది. మళ్ళీ గీయించుకుందామని వెళ్ళి, ఆ మంగలి ఏమంటాడోనని బయటే నిలబడి వచ్చేశాను.

నాకు ఏడుపు రావడం లేదు తమ్ముడూ. మేలో మూడు రోజులు గొంతు పోయేలా ఏడ్చాను, అప్పుడు అమ్మ నీ పక్కన కూర్చుని సగం ముద్ద తింటోంది. యాభై నాలుగు రోజులు అమ్మ ఉండగానే అమ్మ లేనిదాన్నయి తిరిగాను. ఇప్పుడు నిజంగా లేదని నువ్వు తేదీ వేసి, గంట వేసి రాశావు. అంతకంటే సూటిగా ఎవరూ రాయలేరు. చదివాను, అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరడం లేదు. నా చేత్తో మట్టి వేయలేదు.

ప్రతి శనివారం ఊరి చివర లారీలు ఆగే చోటికి వెళ్తున్నాను. బకాంబో వైపు నుంచి వచ్చే ప్రతివాణ్ణీ ఉత్తరముందా అని అడుగుతున్నాను. ఇద్రిస్ నన్ను చూస్తే ఈ మధ్య మొహం తిప్పుకుంటున్నాడు. 'అక్కా, అమ్మ బతికే ఉంది, మళ్ళీ చదువు' అని జూన్లో రాశావు కదా, అలాంటిది ఇంకొకటి వస్తుందేమోనని.

సొలాంజ్